పుట్టుక, పెండ్లి, చావు, ట్రాన్స్‌ఫార్మర్

ఎర్రదొడ్డి కదిరప్పకు పేకాట రాదు. ఆ మండలంలో మీసం మొలిచిన మగవాడికి పేకాట రాకపోవడమంటే కోడిపుంజుకు కూత రాకపోవడమే. దానికి పెద్ద కారణమేమీ లేదు. పదమూడు ముక్కలు చేతిలో విసనకర్రలా విప్పి పట్టుకుని, పక్కవాడు ఏం పారేస్తాడా అని పొద్దంతా కాచుకోవడం అతనికి విసుగు. "వాన కోసరం కాచుకునేది చాలదా, మళ్ళా ముక్క కోసరమా" అనేవాడు. అదే అతను మాట్లాడే మాటల్లో పొడుగాటిది.

అలాంటి కదిరప్ప ఒక సోమవారం పొద్దున అర్జీ జేబులో పెట్టుకుని మండలాఫీసుకు బయలుదేరాడు. చేనికాడి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. బోరులో నీళ్ళున్నాయి, మోటారు బాగుంది, చెనిక్కాయ చెట్లకు ఊడలు దిగుతున్నాయి. ఊడ మన్నులోకి దిగితేనే వేరుశనగ కాయవుతుంది. ఆ వేళకు నేలలో తడి లేకపోతే ఊడ గాలిలోనే వేలాడి ఎండిపోతుంది. చెట్టు పైకి పచ్చగానే ఉంటుంది. పీకి చూస్తే వేరు తప్ప ఏమీ ఉండదు.

అంతకుముందే లైన్‌మన్ ఖాసీం స్తంభమెక్కి చూసి, చేతులు దులుపుకుంటూ దిగాడు.

"కొత్తది స్టోర్లో ఉండాది మామా. మండలాఫీసు నుంచి నంబరొకటి రావాల. నంబరొచ్చిందనుకో, మర్సటి పొద్దుకే బిగిచ్చా."

ఆ నంబరు కోసమే కదిరప్ప ఆఫీసు గేటు దాటాడు. వరండా నిండా చాపలు పరిచి ఉన్నాయి. అర్జీలు తెచ్చినవాళ్ళకు టీ ఇస్తున్నారు, టీతోబాటు బిస్కెట్లు. సర్కారు పిలిచి టీ ఇచ్చిందంటే ఇక ఆ పని కానట్టే లెక్క.

ఎంపీడీవో వామనరావు గారు మెట్ల మీద నిలబడి కాగితం చూసి చదివారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఈ దినము అర్జీలు స్వీకరించబడవు. అర్జీలు ఏ విధముగా స్వీకరించవలెనో తమరి వద్ద నేర్చుకొనబడును."

"ఇన్నేండ్లూ ఎట్ల తీసుకుంటాండ్రి సార్?" అన్నాడు పెన్నోబులు. ఎర్రదొడ్డి పేకాటకు పెద్దదిక్కు అతనే. మనవరాలి పుట్టిన పత్రం కోసం వచ్చాడు.

"అదంతా తప్పు పద్ధతి అని తేలినది" అన్నారు వామనరావు గారు, ఏమాత్రం నొచ్చుకోకుండా.

రాజధాని నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ముందుకొచ్చింది. పేరు మేధస్విని. మెడలో వేలాడే బిళ్ళ మీద 'అనుభవ శిల్పి' అని ఉంది. పిల్ల మంచిది, ముఖం నిండా నవ్వు.

"ఈ ఆఫీసులో పెద్ద తెర ఒకటి పెడుతున్నామండీ. పేరు ప్రజాతెర. వేలితో తాకితే చాలు, పనవుతుంది. కానీ ఏ బొత్తాం పక్కన ఏ బొత్తాం ఉండాలో మేం నిర్ణయించం. మీరే నిర్ణయించాలి. ఈ కార్డుల మీద ఒక్కో సేవ పేరు రాసి ఉంది. ఏవేవి కలిసి ఉంటే బాగుంటుందని మీకనిపిస్తే వాటిని కలిపి పెట్టండి. ఇందులో తప్పూ లేదు, ఒప్పూ లేదు. మీరు సహజంగా ఉండండి. మేం చూస్తూ ఉంటాం, అంతే."

చెప్పి, కార్డుల కట్టలు చాపల మధ్యలో పెట్టింది. నున్నటి అట్ట ముక్కలు. సరిగ్గా అరచేతిలో ఇమిడే కొలత.

సహజంగా ఉండమన్నారు గనక మగవాళ్ళంతా సహజంగానే ఉన్నారు. గుండ్రంగా కూర్చున్నారు. పెన్నోబులు కట్ట అందుకుని కలిపాడు. పక్కవాడు కోశాడు. మనిషికి పదమూడు పంచి, మిగిలినవి మధ్యలో బోర్లించి, ఒక ముక్క తిప్పి పెట్టాడు. దాని మీద 'ఇతరములు' అని ఉంది.

"జోకరు ఇతరములురా" అన్నాడు. ఎవరికీ అనుమానం రాలేదు. ఏ గడిలోనూ ఇమడని దాన్నంతా ఇమిడించుకునే మాట సర్కారు కాగితాల్లో అదొక్కటే కదా.

ఆట సాగింది. ఒకడు 'పశువుల టీకా' పారేస్తే ఇంకొకడు ఎగబడి ఎత్తుకున్నాడు. మేధస్విని ఊపిరి బిగబట్టి చూస్తోంది. పక్కనున్న వామనరావు గారితో గుసగుసగా అంది: "సార్, ఒకరు వద్దన్న సేవ ఇంకొకరికి అవసరమని వాళ్ళే గుర్తిస్తున్నారు. ఇలాంటి సహకారం నేను పుస్తకాల్లో కూడా చూడలేదు."

"మా మండలమున ఇది నిత్యకృత్యము" అన్నారాయన. ఆ మాట మాత్రం నిజం.

అంతలో పెన్నోబులు "షో!" అని ముక్కలు పరిచాడు. "చూసుకోండప్పా. పుట్టుక, పెండ్లి, చావు. జోకరు లేని ఒరిజినల్ వరస. ముసిలోళ్ళ పింఛను, ముండమోసినోళ్ళ పింఛను, కుంటోళ్ళ పింఛను. ఒగటే జాతి."

"ఆ మొదటి వరుస గురించి చెప్తారా?" అంది మేధస్విని, పెన్ను తీసి.

"ఏముందమ్మా చెప్పేకి. ముందు ఒరిజినల్ పడాల. అది పడకుంటే చేతిలో ఎన్ని ముక్కలుండి ఏం లాభం, అన్నీ దండగే."

"అందరూ అలాగే అనుకుంటారా?"

"లోకమంతా అంతే" అన్నారు చాప మీదివాళ్ళంతా ఒక్క గొంతుతో. ఆ పిల్ల ఆ మాట రాసుకుని కింద గట్టిగా గీత గీసుకుంది.

కదిరప్ప ఒక్కడే మూలన కూర్చుని కార్డులన్నీ చదివి రెండు కుప్పలు పెట్టాడు. ఒక కుప్ప మోకాలి ఎత్తు ఉంది. రెండో దాంట్లో రెండే ముక్కలు: 'ఇంటి పన్ను చెల్లింపు', 'జెండా వందనం'.

"ఈ రెండూ ఏంటండీ?" అనడిగింది మేధస్విని.

"అయ్యే పనులు."

"మరి ఆ పెద్ద కుప్ప?"

కదిరప్ప ఆమె ముఖంలోకి చూసి, పిల్ల నొచ్చుకుంటుందని ఊరుకున్నాడు. ఆమె 'ఈ వాడుకరి సమూహానికి భిన్నం, లెక్కలోంచి తీసివేయాలి' అని రాసుకుంది.

సరిగ్గా అప్పుడే ఎస్సై గారి జీపు గేటు ముందు నుంచి పోతూ ఠక్కున ఆగింది. వరండాలో గుండ్రంగా మనుషులు, చేతుల్లో ముక్కలు. ఆయన దిగేలోపల చాపలు ఖాళీ. పెన్నోబులు ఆ వయసులో ప్రహరీ దూకిన తీరు చూసి తీరాల్సిందే. మేధస్విని 'పని ముగియగానే వాడుకరులు ఉత్సాహంగా నిష్క్రమించారు' అని రాసుకుంది.

దొరికినవాడు కదిరప్ప. పారిపోవాలని తోచనివాడే ఎప్పుడైనా దొరికేది.

"ఎంత పందెం?" అన్నారు ఎస్సై గారు.

"నాకు ఆట రాదు సార్."

"దొరికినోళ్ళంతా ఆ మాటే అంటారు."

వామనరావు గారు పరుగున వచ్చి అడ్డుపడ్డారు. "సార్, ఇది జూదము కాదు. ప్రభుత్వ కార్యక్రమము."

"రెండింటికీ తేడా ఎట్ల తెలిసేది?"

వామనరావు గారు కాసేపు ఆలోచించారు. "ఇందులో గెలిచేవాడు ఉండడు" అన్నారు. ఎస్సై గారు ఒప్పుకుని జీపెక్కారు.

సర్కారులో అవసరమైన కాగితానికి కాళ్ళుండవు గానీ అక్కర్లేని దానికి రెక్కలుంటాయి. మధ్యలో ఒక తుంపర పడి చెనిక్కాయ చెట్ల ప్రాణం నిలిపింది. అది ఆరేలోపలే తెర వచ్చేసింది, దాని వెంట ఉత్తర్వు వచ్చింది. కింద సంతకం 'నిరంజనమూర్తి, వాడుకరి సౌలభ్య ప్రత్యేకాధికారి' అని.

వామనరావు గారు మెట్ల మీద నిలబడి చదివారు. "శాస్త్రీయ పరిశీలనలో తేలినది ఏమనగా, జననము, వివాహము, మరణము అను మూడును అసలు వరుసగా ప్రజలు తమ మనసులయందు స్థిరపరచుకొని ఉన్నారు. సదరు వరుస పడనిదే తక్కిన సేవలన్నియు దండగ అని వారే ముక్తకంఠముతో సెలవిచ్చి ఉన్నారు. కావున ప్రజాభీష్టము మేరకు, ఇకమీదట ఏ అర్జీ అయినను ఒక జనన అర్జీ, ఒక వివాహ అర్జీ, ఒక మరణ అర్జీతో కలిపి తెచ్చిననే తెర స్వీకరించును. ఒంటి అర్జీకి ఉనికి లేదు."

జనం పెన్నోబులు వైపు చూశారు.

"నేను చెప్పింది ఆట సంగతప్పా!" అన్నాడు పెన్నోబులు.

"ఆటయో, పాటయో" అన్నారు వామనరావు గారు, "తమరు సహజముగా ఉన్నప్పుడు చెప్పినది. అదియే ప్రామాణికము."

కదిరప్ప తెర దగ్గరకు పోయి 'ట్రాన్స్‌ఫార్మర్' అన్న బొత్తాం మీద వేలు పెట్టాడు. తెర మర్యాదగా అడిగింది: 'మీ దగ్గర పుట్టినవారు, పెండ్లయినవారు, పోయినవారు ఉన్నారా?' లేరని నొక్కాడు. 'సమకూర్చుకుని రండి' అంది.

మరుసటి పొద్దు నుంచి ఆఫీసు వరండా సంతయింది. చీటీ పాటలో అరిచినట్టు అరుస్తున్నారు. "మా చెల్లెలికి కొడుకు పుట్టినాడు, పుట్టుక ఎవరికి కావాల?" "మా మామ ఈ పొద్దో రేపో అన్నట్టుండాడు, కొంచెం ఆగితే ఇస్తా." మొగుడి మరణపత్రం కోసం ఓబుళమ్మ అనే ముసలామె కర్ర ఊతంతో వచ్చేసరికి జనం లేచి నిలబడి దారి ఇచ్చారు. ఒకడు కుర్చీ వేశాడు, ఇంకొకడు సోడా తెచ్చాడు.

"నా మొగుడు బతికున్నన్నాళ్ళూ ఒక్క నాకొడుకూ మాకు కుర్చీ ఎయ్యలేదు" అంది ఓబుళమ్మ, కూర్చుంటూ. "ఇట్లయితాదని తెలిసుంటే ఆయప్ప ఎప్పుడో పొయ్యుండును."

వామనరావు గారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ప్రభుత్వాసుపత్రి డాక్టరు గారికి లేఖ రాశారు: 'ఈ మాసమున మరణములు ఆశించిన స్థాయిలో లేవు. కారణములు తెలుపగలరు.' డాక్టరు గారు కొత్తవాడు, భయపడి 'లోపమును సరిదిద్దుకొనగలము' అని జవాబిచ్చాడు. ఆ వారం ఆసుపత్రిలో జ్వరగాళ్ళంతా మంచాలు దిగి ఇండ్లకు పోయారు.

అసలు చిక్కు పెండ్లి దగ్గర వచ్చింది. అది భాద్రపదం, శూన్యమాసం. దానికి తోడు మూఢం. ఇంకా రెండు నెలల దాకా ముహూర్తాలు లేవు. పుట్టుకలున్నాయి, చావులున్నాయి, మధ్య ముక్క ఎవరి చేతికీ రావడం లేదు. కొందరు పెండ్లి ఉండాల్సిన చోట 'ఇతరములు' పెట్టి చూశారు. తెర తోసేసింది.

"అసలు వరుసలో ఇతరములు చెల్లుబాటు కావు" అన్నారు వామనరావు గారు.

"అది మాత్రం న్యాయమే" అని ఒప్పుకున్నాడు పెన్నోబులు. "ఒరిజినల్లో జోకరు పనికిరాదు."

వామనరావు గారు పురోహితుడు అవధాని గారిని పిలిపించారు. "మూఢమును తక్షణమే ఎత్తివేయవలెను."

"అది నా చేతుల్లో లేదండీ. శుక్రుడు సూర్యుడికి దగ్గరగా ఉన్నాడు."

"ఏ శాఖవాడైనను సరే, బదిలీకి సిఫారసు చేయుదును. వివరములు ఇవ్వుడు."

ఫోనులో మేధస్విని పాపం ఇంకా ఉత్సాహంగానే ఉంది. "మూఢం అనే ఈ అడ్డంకిని ఎవరు పెట్టారండీ? దాన్ని దాటవేసే బొత్తాం ఒకటి పెట్టలేమా?" అని అడిగింది.

కదిరప్ప రోజూ వచ్చాడు. మనవరాలి పుట్టుకతో పెన్నోబులు తోడు ఉన్నాడు, మొగుడి చావుతో ఓబుళమ్మ తోడు ఉంది. ముగ్గురూ ఒకే ఆటలో కూర్చున్నట్టు చాప మీద కూర్చుని పెండ్లి కోసం గేటు వైపు చూసేవాళ్ళు. పెండ్లి రాలేదు. ఒక మాపటేళ కదిరప్ప చేన్లోకి పోయి ఒక చెట్టు పీకి చూశాడు. ఊడల మొనలు మన్నును తాకీ తాకక నల్లబడుతున్నాయి. ఇంకో నాలుగు పొద్దులు ఇట్లా పోతే నీళ్ళొచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే.

ఆ చెట్టును అలాగే ఇంటికి తెచ్చి గడప పక్కన పెట్టాడు. పెండ్లాం సుంకులమ్మ దాన్ని చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఏమంటాడు మీ ఎంపీడీవో?"

"పెండ్లి కావాలంట."

"ఆయప్పకా?"

"తెరకు."

సుంకులమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. తర్వాత వెనక్కి తిరిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"మన పెండ్లి రాపిచ్చినామా యాడన్నా?"

కదిరప్ప తల అడ్డంగా ఊపాడు.

"మూఢంలో పెండ్లి చేసుకోగూడదు గానీ, ఎప్పుడో అయిపోయిన పెండ్లిని రాపిచ్చుకునేకి మూఢమేందంట? ఇన్నేండ్లు ఈ మూగాయప్పతో కాపరం చేసినందుకు ఈ పొద్దు పనికొస్తాండాది నా పెండ్లి. పెట్టెలో ఉండే పట్టుచీర తియ్యి."

మరుసటి పొద్దున పట్టుచీరలో సుంకులమ్మ, తలంటుకున్న కదిరప్ప వరండా మెట్లెక్కుతుంటే జనం ఈలలు వేశారు. తెర పెండ్లి ఫోటో అడిగింది. వీళ్ళ పెండ్లికి ఫోటోలాయన రానేలేదు. పెన్నోబులు గేటు ముందు పూలమ్మి దగ్గర రెండు బంతిపూల దండలు తెచ్చాడు. అక్కడే నిలబెట్టి ఫోటో తీశారు. అక్షింతలకు దిక్కులేక ఆఫీసులో మిగిలిన టీ బిస్కెట్లు నలిపి చల్లారు. సాక్షిగా ఓబుళమ్మ వేలిముద్ర వేసి, "నూరేండ్లు సల్లగుండండి, నా మొగుడి చావు మీకు కలిసి రావాల" అని దీవించింది.

పుట్టుక పడింది. పెండ్లి పడింది. చావు పడింది. కదిరప్ప ట్రాన్స్‌ఫార్మర్ మీద వేలు పెట్టి, బతుకులో మొదటిసారి ఆ మాట అన్నాడు.

"షో."

తెర నంబరిచ్చింది.

ఖాసీం మాట తప్పలేదు. మరుసటి పొద్దుకే బండి మీద కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. కాగితంలో 'కదిరప్ప - సుంకులమ్మ వివాహ సందర్భమున' అని ఉంది. అది చదివి ఖాసీం చాలాసేపు నవ్వాడు. సుంకులమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది. మోటారు గుర్రుమంది. కాలువలో నీళ్ళు ఎర్రమన్నును నాకుతూ సాళ్ళలోకి పాకాయి. కదిరప్ప చెప్పులు విప్పి ఆ నీళ్ళలో నిలబడ్డాడు. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఈనాటికీ ఎర్రదొడ్డిలో 'సుంకులమ్మ పెండ్లిది' అనే అంటారు.

దారి తెలిసిపోయింది. పెండ్లి రాయించుకున్నవాళ్ళు మండలంలో ఎవరున్నారు గనక? ముసలి జంటలు దండలేసుకుని ఆఫీసు ముందు బారులు తీరాయి. మాటల్లేక ఏండ్లుగా విడిగా వండుకుంటున్న ఒక జంట, పశువుల కొట్టం కోసం కలిసి ఫోటో దిగి, ఆ ఊపులో కలిసే ఇంటికి పోయింది. 'వివాహ వ్యవస్థ పట్ల ప్రజల విశ్వాసము మిక్కిలి పెరిగినది' అని వామనరావు గారు పైకి రాశారు. రాసి, ఆయన కూడా భార్యను తెచ్చి ఫోటో దిగారు.

చెనిక్కాయ పీకే వేళకు మేధస్విని మళ్ళీ వచ్చింది. విజయగాథ రాసుకోవడానికి నేరుగా కదిరప్ప కళ్ళం దగ్గరకే వచ్చింది. సుంకులమ్మ చేటలో కాయలు పోసి గట్టివి ఒక పక్కకు, తాలు ఒక పక్కకు చేస్తోంది.

"ఈసారి మీరు చేయండమ్మా" అని ఆ పిల్ల కార్డుల కట్ట ఇచ్చింది. "మీకెలా అనిపిస్తే అలా."

సుంకులమ్మకు చదువు వచ్చు. ఒక్కో కార్డూ చదివి ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒకే కుప్ప చేసి చేతికిచ్చేసింది.

"అన్నీ ఒకటేనా?" అంది మేధస్విని.

"ఏది అడిగినా వాళ్ళు చెప్పేది ఒగటే కదమ్మా. 'రేపు రాపో' అంటారు. అన్నీ ఒగ జాతే. ఇదో, ఇంత చెనిక్కాయ ఒళ్ళో పోసుకో, దావలో తింటువు."

ఆ పిల్ల కళ్ళు మెరిశాయి. "ఒకే ఒక్క బొత్తాం!" అంది. "ఇంతకంటే సులువైన తెర ప్రపంచంలో ఉండదు!"

కదిరప్ప పెండ్లాం వైపు చూశాడు. "నీకు నోరెక్కువ" అన్నాడు. అప్పటికే జీపు కదిలిపోయింది.

ఒకే బొత్తాం తెరను ప్రారంభించడానికి ప్రత్యేకాధికారి నిరంజనమూర్తి గారు స్వయంగా వచ్చారు. "సౌలభ్యమునకు ఇది పరాకాష్ఠ" అని ఉపన్యసించారు. వెతకనక్కర్లేదు, ఎంచుకోనక్కర్లేదు, పొరపాటు పడే వీలే లేదు. చప్పట్లు మోగాయి. ప్రారంభోత్సవం జరిగినట్టు ధ్రువపత్రం ఉంటే గానీ ఆయన తిరిగి పోవడానికి లేదు. అన్ని పత్రాలూ తెర నుంచే పొందాలని ఆయనదే ఉత్తర్వు. ఆయన చిరునవ్వుతో బొత్తాం నొక్కారు.

'రేపు రండి' అంది తెర.

మరుసటి దినం వచ్చారు. తెర మాట మీద నిలబడింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు కదిరప్ప విత్తనం కాయల మూటలు బండికెత్తుకుని మండలాఫీసు మీదుగా పోతున్నాడు. వరండాలో చాపలున్నాయి, మనుషులున్నారు. పెన్నోబులు పంచుతున్నాడు. అతని పక్కన బాసింపట్టు వేసుకుని, ప్యాంటు మడమల పైకి మడుచుకుని నిరంజనమూర్తి గారు కూర్చున్నారు. చేతిలో పదమూడు ముక్కలు విసనకర్రలా విప్పి పట్టుకుని ఉన్నారు.

కదిరప్ప బండి ఆపాడు. "పనయిందా సార్?" అని అడిగాడు.

ఆయన ముక్కల మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఒగ ముక్క పడాలప్పా" అన్నారు. "పడిందా, షో."